పరుపుల ఖాసిం సాబ్ మైసూరు బడ్జెట్

అయ్యలారా, అమ్మలారా! లాడ్జి అంత దండగమారి కట్టడం ఈ భూమ్మీద ఇంకొకటి లేదు!

కాస్త నిదానంగా ఆలోచించండి. ప్రతి ఊళ్ళోనూ మనకు ఒక అక్కో, మేనమామో, అదీ లేకపోతే ఎప్పుడో ఒక పెళ్ళిలో పక్కన కూర్చుని బిరియానీ తిన్న తోడల్లుడి తమ్ముడో ఉంటాడు కదా? వాళ్ళకు ఇల్లుంటుంది కదా? ఆ ఇంటికి హాలు, హాలుకు ఫ్యాను ఉంటాయి కదా? దేవుడు ఇన్ని ఏర్పాట్లు చేసిపెట్టాక, ముక్కూ మొహం తెలియని కౌంటరు మనిషికి ఆధార్ కార్డు చూపించి, అడ్వాన్సు కట్టి, తాళంచెవి పుచ్చుకోవడమా? ఒంట్లో కొవ్వెక్కితే తప్ప ఆ పని ఎవరైనా చేస్తారా?

ఈ సత్యాన్ని కనిపెట్టినవాడు కొత్తచెరువులో పరుపుల దుకాణం నడిపే ఖాసిం సాబ్. పెళ్ళాం పిల్లలను ఊరికి తీసుకుపోవడం ఎలా, పోయినా జేబు చిల్లు పడకుండా తిరిగి రావడం ఎలా అనే శాస్త్రంలో ఆయనను మించినవాడు ఆ మండలంలో లేడు. ప్రతి శాస్త్రానికీ ప్రయోగశాల ఒకటి కావాలి. ఆ ప్రయోగశాల ఆయన భార్య షాహిదా.

షాహిదా పద్దెనిమిదేళ్ళుగా పరుపులు కుడుతోంది. చారల గుడ్డ కత్తిరించేది ఈమె, సంచి కుట్టేది ఈమె, దూది నింపాక జానెడు పొడవున్న దబ్బనంతో అడ్డకుట్లు వేసేదీ ఈమే. ఖాసిం సాబ్ దూది నింపుతాడు, బోర్డు కింద కూర్చుని బేరం చేస్తాడు. ఆ చుట్టుపక్కల పెళ్ళయిన జంటల్లో సగం మంది షాహిదా కుట్టిన పరుపు మీదే కాపురం మొదలుపెట్టారు.

ఇంతమందిని పడుకోబెట్టిన మనిషికి ఒకే ఒక్క కోరిక ఉంది. ఒక్క రాత్రి లాడ్జిలో పడుకోవాలి. తను కుట్టని పరుపు మీద, తను ఉతకని దుప్పటి కప్పుకుని! పొద్దున కళ్ళు తెరిస్తే పొయ్యి కనబడకూడదు. ఎవరో తలుపు తట్టి టీ ఇచ్చి పోవాలి. అంతే. బంగారం అడగలేదు, బోరు వేయించమని అడగలేదు.

ఈ చెడు ఆలోచన ఆమె బుర్రలో పెట్టింది వీధి చివర ఉండే అంగన్‌వాడీ టీచరు వనజాక్షి. ఆమె ట్రైనింగుకని తిరుపతి పోయి, రెండు రాత్రులు లాడ్జిలో ఉండి వచ్చింది.

"లేసేటప్పటికి టీ తెచ్చిస్తారు షాహిదక్కా! కప్పుకున్న దుప్పటి మడిసే పని గూడా మనకు ల్యా. మనం బయటికి పోయి వచ్చేలోపల వాళ్ళే అంతా సర్దిపెట్టింటారు," అని చెప్పింది.

షాహిదా ఆ రోజంతా కుట్టిన కుట్లు వంకర పోయాయి.

వేసవి పెళ్ళిళ్ళు బాగా జరిగి, దుకాణంలో నాలుగు రాళ్ళు మిగిలి, "ఈసారి మైసూరు పోదాం" అని ఖాసిం సాబ్ ప్రకటించిన రోజు, షాహిదా గుండె చిక్కబట్టుకుని అడిగింది.

"ఏమయ్యా, ఆడ ఒక్క రాత్రి లాడ్జిలో ఉందామా?"

"లాడ్జా? మా అక్క దాదాబీ ఇల్లు మైసూర్లో పెట్టుకొని లాడ్జా? నలుగురు ఇంటే నగుతారే!"

"నాలుగు రోజుల్లో ఒగటే రాత్రి కదప్పా అడుగుతాండేది."

ఖాసిం సాబ్ చెడ్డవాడు కాదు. భార్య మొహం చూసి కాస్త మెత్తబడ్డాడు. బడ్జెట్ ఆరు వేలు. అందులో పైసా పెరగకూడదు. తిరిగి వచ్చేటప్పుడు బెంగళూరులో రైలు మారాలి. అప్పటికి చేతిలో వెయ్యి రూపాయలు గనుక మిగిలి ఉంటే...

"మిగిలితే సూద్దాం లే," అన్నాడు.

ఆహా, ఏం మాట! మన దేశంలో ఎన్ని కాలువలు, ఎన్ని రోడ్లు, ఎన్ని వంతెనలు ఈ ఒక్క మాట మీద ఇన్నేళ్ళుగా నిలబడి ఉన్నాయి! షాహిదా మాత్రం ఆ మాటను పూర్తిగా నమ్మింది. నమ్మడమే కాదు, ఆ క్షణం నుంచి మొగుడి కన్నా గట్టి పొదుపరి అయిపోయింది. ఇదీ బడ్జెట్ మహిమ! చిన్న ఆశ ఒకటి చూపిస్తే చాలు, మనిషి తన కడుపు తనే మాడ్చుకుంటుంది. పైనుంచి ఎవరూ గద్దించాల్సిన పనే ఉండదు.

హోటలు భోజనం దండగ కనుక ప్రయాణానికి ముందు రెండు రోజులు కూర్చుని యాభై జొన్నరొట్టెలు కాల్చి ఎండబెట్టింది. అవి వారమైనా చెడవు, పంటికి మాత్రం కాస్త పరీక్ష పెడతాయి. చెనిక్కాయల పొడి ఒక డబ్బా, ఎర్రకారం ఒక డబ్బా, ఉడకబెట్టిన గుడ్లు ఇరవై. బాటిల్ నీళ్ళు కొనడం దండగ కనుక ఇరవై లీటర్ల క్యాను ఒకటి! చినుకు కోసం ఏడాది పొడవునా మెడ పైకెత్తి చూసే మన సీమ నుంచి కావేరి పక్కనున్న ఊరికి నీళ్ళు మోసుకుపోయిన ఘనత ఈ కుటుంబానిదే.

అసలు మేధస్సు మాత్రం వేరే ఉంది. అక్క ఇంటికి ఉత్త చేతులతో పోకూడదు కదా? స్వీట్ల పెట్టె కొంటే అయిదు వందలు. ఖాసిం సాబ్ గడ్డం గోక్కున్నాడు. దుకాణంలో దూది ఉంది. గుడ్డ ఉంది. కుట్టడానికి ఇంట్లో మనిషి ఉంది.

"డబుల్ పరుపు తీసుకుపోదాం. అక్క సంతోషపడుతుంది. మనకు ఖర్చు సున్నా!" అని బిల్లు బుక్కు వెనక నిజంగానే సున్నా రాశాడు.

ఆ సున్నాను షాహిదా మూడు రోజులు కుట్టింది.

ఇక రైలు సంగతి. చుట్టి తాడుతో కట్టిన డబుల్ పరుపును ఎప్పుడైనా ప్యాసింజరు రైలు తలుపులోంచి దూర్చి చూశారా? ఒకసారి చూడండి, మీ దాంపత్యం ఎంత గట్టిదో తెలుస్తుంది. లోపలి నుంచి పదిహేనేళ్ళ కొడుకు అమాన్ లాగుతున్నాడు, బయటి నుంచి ఖాసిం సాబ్ తోస్తున్నాడు. పన్నెండేళ్ళ కూతురు సుహానా గుడ్ల డబ్బా గుండెకు హత్తుకుని నిలబడింది. షాహిదా ఒక చేత్తో నీళ్ళ క్యాను, ఇంకో చేత్తో రొట్టెల మూట పట్టుకుని, నడుముతో పరుపుకు ఊతం ఇస్తోంది.

"ఏమప్పా, ఎంతకిస్తావు పరుపు?" అని కిటికీ దగ్గర ఒకాయన బేరం కూడా ఆడాడు.

"అమ్మేది కాదన్నా, మా అక్కకు," అన్నాడు ఖాసిం సాబ్ రొప్పుతూ.

బెంగళూరులో ఆ పరుపును ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకో ప్లాట్‌ఫారానికి మోయడానికి పోర్టరు మూడు వందలు అడిగాడు. మైసూరులో దిగాక మనుషులకొక ఆటో, పరుపుకొక ఆటో. పరుపు ఎక్కిన ఆటోవాడు ఎక్కువ తీసుకున్నాడు. అంతా కలిపి ఆరు వందల యాభై!

"స్వీట్లు అయిదు వందలే కదా?" అని మీరు అడగవచ్చు. సుహానా కూడా అదే అడిగింది. ఖాసిం సాబ్ ఓర్పుగా వివరించాడు. పరుపుకు అయిన ఖర్చు సున్నా, అది అలాగే ఉంటుంది. ఆరు వందల యాభై ఏమో "ఇతరములు" కింద రాయాలి. ఇతరములు వేరు, పరుపు వేరు. ఇంత సులువైన విషయం పిల్లలకు అర్థం కాకపోతే బడుల్లో ఏం చెబుతున్నట్టు?

దాదాబీ మంచి మనిషి. తమ్ముడి కుటుంబాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొడుకులు, కోడళ్ళు, మనవలు కలిపి ఇంట్లో పదకొండు మంది. పరుపు విప్పి హాల్లో పరిచారు. ఆమె దాని మీద వెల్లకిలా పడుకుంది.

"అల్లా! ఎంత మెత్తగుండాదే! ఎవురు కుట్టినారిది?"

"ఇంకెవురక్కా, మా షాహిదానే!" అని ఖాసిం సాబ్ ఛాతీ పొంగించాడు. షాహిదాకు కూడా లోలోపల సంతోషమే అయింది. చేసిన పనిని మెచ్చుకుంటే ఎవరికి ఉండదు?

దాదాబీ లేచి కూర్చుని, చుట్టూ చూసి, చిన్నగా అంది. "మా ఇంట్లో పరుపులన్నీ ఉండలు కట్టినాయి షాహిదా. ఈడ కుట్టేటోళ్ళను పిలిస్తే నోటికొచ్చినంత అడుగుతారు. నువ్వెట్లా వచ్చినావు గదా, ఒగ చెయ్యి వేస్తివంటే..."

"దానికేం భాగ్యమక్కా!" అన్నాడు ఖాసిం సాబ్, అడిగింది తననే అన్నట్టు. దారిలో పరుపు చినిగితే పనికొస్తుందని దబ్బనం, దారం ఉండ కూడా సంచిలో వేసుకునే వచ్చాడు. ముందుచూపు అంటే అది!

మొదటి రోజు తండ్రీ పిల్లలు మైసూరు రాజుల అరమన చూడడానికి పోయారు. షాహిదా మిద్దె మీద దాదాబీ పరుపు విప్పి, దూది ఎండలో పరిచింది. "నువ్వు రేపు సూద్దువులే," అని చెప్పిపోయాడు ఖాసిం సాబ్. ఒక టికెట్టు మిగిలింది.

రెండో రోజు వాళ్ళు జూకు పోయారు. షాహిదా రెండో పరుపు, మూడో పరుపు కుట్టింది. ఇంకో టికెట్టు మిగిలింది. ఏనుగును మనూర్లో చూళ్ళేదా ఏమన్నా, అనుకుందామె. నిజానికి చూళ్ళేదు.

మూడో రోజు డ్యాము దగ్గర తోట. అప్పటికి వీధిలో తెలిసిపోయింది. ఆంధ్రా నుంచి పరుపులామె వచ్చిందట అని పక్కింటివాళ్ళు దిండ్లు పంపారు. ఎదురింటివాళ్ళు బొంత పంపారు. దాదాబీ ఎవరినీ కాదనలేని మనిషి. షాహిదా దాదాబీని కాదనలేని మనిషి. పరుపులు అయిదు, దిండ్లు తొమ్మిది, బొంత ఒకటి! మధ్యలో పొద్దునా సాయంత్రం పదిహేను మందికి రొట్టెలు. చిన్న కోడలికి నెలలు నిండుతున్నాయి, పెద్ద కోడలు ఉద్యోగానికి పోతుంది. పొయ్యి దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి కదా?

సాయంత్రం సుహానా పరుగెత్తుకుంటూ మిద్దె ఎక్కి వచ్చేది, చూసినదంతా అమ్మకు ఒప్పజెప్పడానికి.

"అమ్మా, రాజులు కూర్చునే కుర్చీలు సూసినా! ఎంత పెద్దవో!"

"మెత్త వేసినారా వాటికి?"

"వేసినారు. ఎర్రది."

"కుట్లు ఎట్లుండాయి?"

"కుట్లు ఎవురు సూస్తారమ్మా!"

షాహిదా నవ్వింది. ఆ పిల్ల చెప్పింది నిజమే. కుట్లు ఎవరూ చూడరు. రాత్రికి పడుకుందామంటే పరుపులన్నీ సగం సగం విప్పి ఉన్నాయి కనుక చాప మీద పడుకుంది. వేళ్ళ మీద దబ్బనం పోట్లు మండుతున్నాయి. అయినా ఆమెకు దిగులు లేదు. కళ్ళు మూసుకుని లెక్క వేసుకుంది. అరమన టికెట్టు, జూ టికెట్టు, తోట టికెట్టు. ఇవన్నీ ఎక్కడికి పోతాయి? నేరుగా లాడ్జిలోకే పోతాయి!

బయలుదేరే రోజు ఒక గండం వచ్చింది. చుట్టపు ఇంటి నుంచి వచ్చేటప్పుడు ఆ ఇంటి పిల్లల చేతిలో ఎంతో కొంత పెట్టాలి కదా? దాదాబీ మనవలు నలుగురు. తలా నూరు అంటే నాలుగు వందలు! ఖాసిం సాబ్ బడ్జెట్‌లో ఆ వరుసే లేదు. ఆయన జేబులో చెయ్యి పెట్టి, తీయకుండా అలాగే నిలబడిపోయాడు.

షాహిదా ముందే ఆలోచించి పెట్టుకుంది. మిగిలిన దూదితో, ముక్కల గుడ్డతో నాలుగు బుజ్జి దిండ్లు కుట్టి ఉంచింది. తలా ఒకటి చేతిలో పెట్టింది. పిల్లలు వాటిని కరుచుకుని ఎగిరారు. నాలుగు వందలు మిగిలాయి. చూశారా అమ్మలారా, తన లాడ్జిని తన చేతులతో ఎలా కాపాడుకుందో!

"మళ్ళా రావల్లమ్మా షాహిదా. నువ్వుంటే నాకు ఇల్లు ఇల్లుగా ఉండాది," అని దాదాబీ రవిక గుడ్డ పెట్టి పంపింది. ఆ మాట మనసులోంచి వచ్చిందే.

బెంగళూరులో దిగేటప్పటికి మధ్యాహ్నం మూడయింది. తమ ఊరికి దగ్గరి పుట్టపర్తి వైపు పోయే బండి సాయంత్రం ఒకటి, మర్నాడు పొద్దున ఒకటి. స్టేషను బయట, రోడ్డుకు అవతల, లాడ్జి! డబుల్ రూము తొమ్మిది వందలు అని బోర్డు. షాహిదా మూట కింద పెట్టి చూస్తూ నిలబడింది. ఒకామె తల స్నానం చేసి, జుట్టు ఆరబోసుకుని, చేతిలో సంచి గానీ గిన్నె గానీ లేకుండా మెట్లు దిగి వస్తోంది. లోకంలో అలా కూడా నడవవచ్చా అనిపించింది షాహిదాకు.

ఖాసిం సాబ్ బిల్లు బుక్కు తీశాడు. పెన్సిలు తడి చేసుకుని కూడాడు, తీసివేశాడు, మళ్ళీ కూడాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"పదకొండు వందల ముప్పై మిగిలినాయి షాహిదా!"

షాహిదా కాళ్ళు నేల మీద నిలవలేదు. "అట్లయితే పోదాం పదప్పా! రూము ఉండాదో ల్యాదో అడుగు!"

"యాడికి?"

"లాడ్జికి! మిగిలితే సూద్దాం అంటివి గదా?"

ఖాసిం సాబ్ జాలిగా నవ్వాడు. "పిచ్చిదానా! మిగిలినాయి గాబట్టే గదా మిగిలినాయని చెప్తాండేది. లాడ్జికి పెడితే ఇంగ మిగిలిందేముంది?"

పాఠకులారా, ఈ వాదనను ఒక్కసారి నెమ్మదిగా నమిలి చూడండి. మిగలకపోతే లాడ్జి లేదు, ఎందుకంటే డబ్బు లేదు. మిగిలితేనూ లాడ్జి లేదు, ఎందుకంటే మిగిలింది పోతుంది. ఎక్కడన్నా పగులు కనబడిందా? మన వంకల మీద కట్టిన చెక్‌డ్యాములకు పగుళ్ళు ఉంటాయి గానీ, ఈ మాటకు చీమ దూరే సందు కూడా లేదు!

సాయంత్రం బండికే ఎక్కారు. ఎండు రొట్టెలు ఇంకా ఎనిమిది మిగిలాయి. హిందూపురం దాటేదాకా షాహిదా కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. "కండ్లలో దుమ్ము పడిందేమో," అని ఖాసిం సాబ్ కిటికీ దించాడు.

ఊళ్ళో ఆయన పేరు మారుమోగింది! నలుగురు మనుషులు, నాలుగు రోజులు, మైసూరు, మొత్తం ఖర్చు నాలుగు వేల ఎనిమిది వందల డెబ్భై! బిల్లు బుక్కు దుకాణం ముందు బల్ల మీదే ఉంచాడు, వచ్చినవాళ్ళందరూ చూసుకునేలా. టీ హోటలు తిప్పేస్వామి స్వయంగా వచ్చి చూసి, "ఎట్లయింది సామీ ఇది?" అని నోరు తెరిచాడు.

"ప్లానింగ్ తిప్పేస్వామీ, ప్లానింగ్! లాడ్జి సున్నా, భోజనం సున్నా. సుట్టాలంటే ఎందుకుండారు?"

పరుపు మీద చేరగిలబడి ఆయన ఈ ఉపన్యాసం ఇస్తుండగా, ఆ వెనకే షాహిదా దబ్బనం చప్పుడు వినిపిస్తూ ఉండేది.

దాదాబీ మంచితనం ఊరకే ఉండనివ్వదు కదా. ఫోనులో చుట్టాలందరికీ మరదలి పనితనం గురించి చెప్పింది. వారం తిరక్కముందే హోస్పేట నుంచి ఖాసిం సాబ్ చిన్నాయన కొడుకు షఫీవుల్లా ఫోను చేశాడు.

"ఏమన్నా, మైసూరు పోయి వచ్చినారంట! మా ఇంటికెందుకు రారు? వానలు పడినాక తుంగభద్ర డ్యాము నిండుతుంది, పిల్లోళ్ళు సూసినట్లుంటుంది. దసరా సెలవుల్లో అందరూ రండి. వదినను గూడా తప్పకుండా పిల్చుకొని రా!"

ఖాసిం సాబ్ ఆనందానికి హద్దు లేదు. ఆ సాయంత్రానికే కొత్తచెరువు బజారంతా చెప్పేశాడు. ఈసారి హోస్పేట, నలుగురు, బడ్జెట్ అయిదున్నర వేలే! ఇంటికొచ్చి బిల్లు బుక్కు తెరిచాడు.

"ఏమ్మే, రొట్టెలు ఈసారి అరవై చేయల్ల. షఫీ ఇంట్లో ఏడు పరుపులుండాయంట. పన్లో పనిగా..."

షాహిదా దారం పంటితో తెంపింది.

"నేను రాను."

"ఏమంటివి?"

"నేను రానప్పా. మీరు ముగ్గురూ పోయిరాండి. మీరు లేని ఆ నాలుగు రోజులూ ఈ ఇల్లే నాకు లాడ్జి. పొయ్యి ముట్టించను. తిప్పేస్వామి హోటల్ నుంచి టీ తెప్పిచ్చుకుంటా. తలుపేసుకొని పండుకుంటా."

కోపంగా కూడా అనలేదు. ధర చెప్పినంత మామూలుగా అంది. ఖాసిం సాబ్ మొదట ఉలిక్కిపడ్డా, వెంటనే తేరుకున్నాడు. నాలుగు టికెట్లకు బదులు మూడే! బడ్జెట్ ఇంకా తగ్గుతుంది! సంతోషంగా పెన్సిలు తీశాడు.

ముందుగా షఫీవుల్లాకు ఫోను చేసి చెప్పాడు, వదిన రావడం లేదని.

"వదిన రాదా? ఓ... అట్లనా... అన్నా, సెలవుల్లో మా అత్తగారోళ్ళు వచ్చేటట్లుండారు. ఇంట్లో తావు సాలదేమో. ఇంగోసారి సూద్దామన్నా," అని ఫోను పెట్టేశాడు.

ఖాసిం సాబ్ ఫోను బల్ల మీద పెట్టాడు. చుట్టాలు ఎందుకున్నారో ఊరందరికీ చెప్పిన మనిషి. ఆ చుట్టాలు పిలిచింది ఎవరినో ఆ పూటే తెలిసింది.

కానీ బజారంతా చెప్పేశాడే! పోకపోతే తిప్పేస్వామి నవ్వడూ? బిల్లు బుక్కులో కొత్త పేజీ తిప్పాడు. లాడ్జి మూడు రాత్రులు.

"నాయనా, రొట్టెలెవురు చేస్తారు?" అంది సుహానా.

హోటలు భోజనం అని రాశాడు, ముగ్గురికి నాలుగు రోజులు.

"మరి బట్టలెవురు ఉతుకుతారు?" అన్నాడు అమాన్.

అదీ రాశాడు. పొద్దున టీలు రాశాడు, నీళ్ళ బాటిళ్ళు రాశాడు. మూటలు మోయడానికి పోర్టరని రాశాడు. రాసిన కొద్దీ పేజీ కిందికి పోతూనే ఉంది. చివర గీత గీసి కూడితే పదకొండు వేల ఎనిమిది వందలు! తప్పేమోనని సెల్‌ఫోనులో కూడాడు. అది కూడా అంతే చెప్పింది.

నలుగురికి నాలుగు వేల ఎనిమిది వందల డెబ్భై. ముగ్గురికి పదకొండు వేల ఎనిమిది వందలు. ఒక మనిషిని తీసేస్తే ఖర్చు రెండింతలు దాటడమా? ఖాసిం సాబ్ నేర్చుకున్న తీసివేతల్లో ఇలాంటిది లేదు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని లేచి, షాహిదా దగ్గరికి వచ్చాడు.

"షాహిదా," అన్నాడు చివరికి. గొంతులో బింకం తగ్గింది. "నువ్వు రాకుంటే మేము తట్టుకోలేమే. సరే, నువ్వు గెలిచినావు. ఈసారి లాడ్జే తీసుకుందాం. నువ్వు గూడా రా."

షాహిదా చేతిలో దబ్బనం ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చింది. నిజమా అని మొహం పైకెత్తి చూసింది.

"నిజంగానా?"

"నిజంగానే. ఎట్లా నువ్వుంటావు గదా, చిన్న స్టవ్వు ఒగటి ఎత్తుకపోతే రూములోనే వండుకోవచ్చు. హోటలు ఖర్చు మిగుల్తుంది!"

షాహిదాకు నవ్వు వచ్చింది. ఏడవలేక నవ్వే నవ్వు కాదు, నిజమైన నవ్వే.

"యాడికి పోయినా నా వంటిల్లు నా ఎనకాలే వస్తాంది కదప్పా," అంది. "ఈసారి ఆ వంటిల్లును మీరు ఎత్తుకపోండి. నన్ను మాత్రం ఈడ ఇడిసిపెట్టండి."

ఖాసిం సాబ్ చాలా చెప్పి చూశాడు. షాహిదా కదల్లేదు. దసరా సెలవుల్లో తండ్రీ పిల్లలు స్టవ్వు, బియ్యం, ఒక గిన్నె మూటగట్టుకుని హోస్పేటకు బయలుదేరారు.

రెండో రోజు పగలు పన్నెండు గంటలకు షాహిదా ఇంట్లో ఫ్యాను కింద పడుకుని ఉండగా ఫోను మోగింది. ఖాసిం సాబ్. గొంతు తగ్గించి, గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"ఏమ్మే, నేనే. లాడ్జిలోనుంచి. తలుపేసుకొని వండుతాండాం, ఓనరు సూస్తే ఎల్లగొడతాడు. నిన్న అన్నం గంజి అయిపాయ, ఈపొద్దు అడుగు మాడిపాయ. పిల్లోళ్ళు తినకుండా అలిగి కూర్చున్నారు. బిరీన చెప్పు, గ్లాసు బియ్యానికి నీళ్ళెన్ని పోయల్ల?"

"అదొక్కటి బడ్జెట్లో రాసుకోలేదా?" అంది షాహిదా. ఫోను పక్కన పడేసి, అటు తిరిగి పడుకుంది.